రక్షణకు హేతువేది? – కృపా, విశ్వాస, సత్క్రియల సంబంధ విచారము

క్రైస్తవ మతమున మానవునకు రక్షణ దైవకృపవలన కలుగునా, విశ్వాసమువలన కలుగునా, సత్క్రియలవలన కలుగునా యను ప్రశ్న క్రీస్తుశకము ఐదవ శతాబ్దమునుండి ఆ మతపండితులను వాదవివాదములకు గురిచేయుచున్నది. ప్రాచ్యకళాశాలలయందు మతములను తులనాత్మకముగా పరిశీలించు వ్యాసకర్తలు కొందరు ఈ ప్రశ్నను ఒక్క వాక్యముతో తేల్చివేయుదురు: కర్మసిద్ధాంతము భారతీయులది, నమ్మినచో చాలునను సిద్ధాంతము క్రైస్తవులది అని. పూర్వపక్షమును పూర్వపక్షియే అంగీకరించునట్లు అనువదించి, తరువాతనే ఖండింపవలయునన్నది శాస్త్రపాఠశాలల మర్యాద. ఈ వాక్యము ఆ మర్యాదకు లోబడినది కాదు.

మొదట శబ్దవిచారము చేయవలయును. పౌలు పేర నున్న ఎఫెసీయుల పత్రికలో రెండవ అధ్యాయమున 8 నుండి 10 వరకు గల వచనములు ఈ విషయమునకు ముఖ్యమైన ఆకరము. అచట గ్రీకు మూలమున కృపను తెలుపు 'ఖారిస్' శబ్దము తృతీయార్థము నిచ్చు విభక్తితో నున్నది. విశ్వాసమును తెలుపు 'పిస్టిస్' శబ్దమునకు 'ద్వారా' యను నర్థము గల అవ్యయము తోడైనది. సత్క్రియలు 'కొఱకు' అను నర్థమున చెప్పబడినవి. అనగా కృప హేతువు, విశ్వాసము ద్వారము, సత్క్రియలు ప్రయోజనము. తొమ్మిదవ వచనమున క్రియలు హేతువుగా నిషేధింపబడి, పదవ వచనమున ప్రయోజనముగా విధింపబడినవి. నిషేధవిధులకు విషయము భిన్నమగుటచే విరోధము లేదు. ఘటమునకు కులాలుడు కారణమా, చక్రము కారణమా, జలాహరణము కారణమా యని ముగ్గురు కలహించినచో ఆ కలహము ఎట్టిదో, మూడింటిలో నొకదానినే యెన్నుకొనుమను ప్రశ్నయు అట్టిదే.

అయినను ఆ గ్రంథమునందే పరస్పరవిరుద్ధములుగా తోచు వాక్యములు కలవు. ధర్మశాస్త్ర క్రియలు లేకయే మనుష్యుడు విశ్వాసమువలన నీతిమంతుడుగా తీర్చబడునని రోమీయుల పత్రిక మూడవ అధ్యాయము చెప్పుచుండగా, విశ్వాసమాత్రముచేత కాదు, క్రియలవలననే యని యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చెప్పుచున్నది. ఇరువురును అబ్రాహామునే దృష్టాంతముగా గ్రహించిరి. కాని పౌలు గ్రహించినది ఆదికాండము పదునైదవ అధ్యాయమున, సున్నతికి పూర్వము, వాగ్దానమును నమ్మిన అబ్రాహామును. యాకోబు గ్రహించినది ఇరువదిరెండవ అధ్యాయమున కుమారుని బలిపీఠముపై నుంచిన అబ్రాహామును. ఒకరు ఆరంభమును చూచిరి, ఒకరు పరిపాకమును చూచిరి. యాకోబు నిందించిన విశ్వాసము దయ్యములకు సైతము కలదని అతడే చెప్పియున్నాడు. అది 'దేవుడొక్కడే' యను జ్ఞానమాత్రము. పౌలు ప్రశంసించిన విశ్వాసము గలతీయుల పత్రిక ఐదవ అధ్యాయమున ప్రేమద్వారా కార్యము చేయునదిగా వర్ణింపబడినది. శబ్దమొక్కటియే, అర్థములు రెండు.

ఇచట తెలుగు అనువాదకులు గ్రహించిన పదము ఔచిత్యము గలది. తెలుగున 'విశ్వాసము' నమ్మకము మాత్రమే కాదు. యజమానునియెడ కుక్కకు గల నిలుకడను గూడ విశ్వాసమనియే అందురు. మాట తప్పి చేటుచేసినవానిని విశ్వాసఘాతకుడందురు. గ్రీకున 'పిస్టిస్' శబ్దమునకును నమ్మిక, నమ్మకస్థత యను రెండర్థములు కలవు. ఈ అర్థద్వయమును మఱచి విశ్వాసమును 'ఒప్పుకొనుట'గా కుదించినందుననే నమ్మినచో చాలునను అపవాదము పుట్టినది.

ఇక చరిత్ర. మానవుడు స్వశక్తిచే ధర్మము నాచరింపగలడని పెలాజియసు వాదింపగా అగస్టీను కాదనెను. 418లో కార్తేజి సభ పెలాజియసు మతమును త్రోసివేసినది. 529లో ఒరాంజి సభ విశ్వాసారంభమునకే కృప పూర్వగామి యని నిర్ణయించినది. 1522లో మార్టిన్ లూథరు తన జర్మను అనువాదమున రోమీయుల పత్రికలోని పూర్వోక్త వాక్యమునకు మూలమున లేని 'మాత్రమే' యను పదమును చేర్చెను. ఒకదానిని విధించి మఱొకదానిని నిషేధించునపుడు ఆ పదము జర్మను భాషాసంప్రదాయమనియు, పౌలు భావమునకు అది అనుగుణమనియు 1530లో సమర్థించుకొనెను. నైయాయికులు 'ఏవ' కారమునకు చెప్పిన అర్థభేదములు ఇచట ఉపకరించును. లూథరు 'మాత్రమే' అన్యయోగవ్యవచ్ఛేదకము. కారణస్థానమున విశ్వాసము ప్రక్క మఱొకటి నిలువరాదని దాని తాత్పర్యము. కార్యస్థానమునుండి సత్క్రియలను అది తొలగింపదు. అగ్నినుండి వేడిమిని, వెలుగును వేరుచేయరానట్లే విశ్వాసమునుండి క్రియలను వేరుచేయరాదని రోమీయుల పత్రికకు వ్రాసిన పీఠికలో లూథరే చెప్పెను. అయినను యాకోబు పత్రికను గడ్డితో పోల్చుట ఆయన తొందరపాటే యనవలయును. సమన్వయము సాధ్యమైనచోట ఒక వాక్యమును దుర్బలము చేయుట న్యాయము కాదు.

కతోలికులది కేవలకర్మవాదమనుటయు పొరపాటే. 1547 జనవరిలో ట్రెంటు సభ వెలువరించిన నిర్ణయములలో మొదటిదే, కృప లేక స్వక్రియలచే నీతిమంతుడగునన్న మతమును బహిష్కరించినది. విశ్వాసమాత్రవాదమును ఆ సభయే ఖండించినను, అది కృపతో మానవేచ్ఛకు గల సహకారమును నిలుపుటకు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున కతోలిక, లూథరన్ ప్రతినిధులు సంయుక్త ప్రకటనపై సంతకములు చేసిరి. అంగీకారము కృపచేతనే, యోగ్యతచేత కాదు. ఆ కృపయే సత్క్రియలకు ప్రేరకము – ఇది దాని సారము. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘములు దానితో ఏకీభవించిరి. జర్మనీ దేశపు ప్రొటెస్టంటు ఆచార్యులు పలువురు ఈ ప్రకటనకు అభ్యంతరము చెప్పిరి గనుక భేదము పూర్తిగా శమించినదనరాదు. కృప పొందినవాని క్రియలకు పుణ్యఫలము కలదా యను చోట అది ఇంకను నిలిచియున్నది.

అట్లైన మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయమున అంతిమతీర్పు క్రియలనుబట్టి యేల? ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినవారు రాజ్యము పొందిరి, పెట్టనివారు పొందరైరి. ఇది ప్రబలమైన శంక. కారకహేతువు వేఱు, జ్ఞాపకహేతువు వేఱు అని ప్రొటెస్టంటుల పక్షమున సమాధానము చెప్పవచ్చును. ధూమము అగ్నిని తెలుపును గాని పుట్టింపదు. ఆ కథయందే దీనికొక లింగము కలదు: అన్నము పెట్టినవారు 'ఎప్పుడు పెట్టితిమి' అని ఆశ్చర్యపడిరి. ఫలాభిసంధితో చేసినవారు లెక్క మఱువరు. అయినను ధూమము లేనిచోట అగ్నిని సాధింప పూనుకొనుట ఆ అధ్యాయమునకు సమ్మతము కాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున మర్కటకిశోర, మార్జారకిశోర న్యాయములతో ఈ వివాదమును పోల్చుట పరిపాటి. 1930లో జర్మను పండితుడు రుడాల్ఫ్ ఓటో వెలువరించిన గ్రంథమున ఈ పోలిక కలదు. వేదాంతదేశికులు ప్రపత్తిని కృపకు వ్యాజమని చెప్పుటకును, లూథరనులు విశ్వాసమును కేవలము గ్రహించు హస్తమని చెప్పుటకును నిజమైన సామ్యము కలదు. కాని సామ్యము ఐక్యము కాదు. ఒకచోట నివర్త్యము అనాదికర్మజన్యమైన సంసారము; వేరొకచోట దేవునియెడ జరిగిన అపరాధము. ఒకచోట పురుషకారము లక్ష్మీదేవిది. వేరొకచోట మధ్యవర్తి సిలువపై మరణించిన క్రీస్తే. 'కృప' అను ఒక్క పదము రెండు గ్రంథములయందు కనబడినంతమాత్రమున రెండు దర్శనములు ఒకటి కావు.

గుంటూరు ప్రాంతమున 1842నుండి లూథరనులు, అంతకుముందునుండియే కతోలికులు తెలుగు పలుకుచున్నారు. ఈ వివాదపు ఉభయపక్షములవారును తెలుగువారికి పొరుగువారే. వారి పిల్లలు కొందరు ఈ కళాశాలలయందే అమరము వల్లించుచున్నారు. ఆచారమును విడిచి నమ్మకముతో సరిపెట్టుకొను మతము వారిదని తరగతిలో చెప్పుట శాస్త్రదోషము. ఎదుట కూర్చున్న విద్యార్థి తన యింట విననిదానిని తనపై మోపుట అంతకన్న పెద్ద దోషము. ఉపక్రమోపసంహారములు చూడక వేదవాక్యమునకు అర్థము చెప్పువానిని మీమాంసకుడు సహింపడు. పరుల గ్రంథమునకును ఆ న్యాయమే వర్తింపవలయును.