మానినోడికి తోడుందాం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూనే సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. దుకాణం మూయించడమే కాదు, మానిన మనిషిని నిలబెట్టడమూ ఉద్యమమే.

ఏళ్లుగా బాగా తాగినోడు ఉన్నపళంగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్సూ రావచ్చు. దయ్యం పట్టిందనకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆ తర్వాత నెలల తరబడి దిగులు, చిరాకు ఉండొచ్చు. మళ్లీ ఒకనాడు తాగితే "మీ బతుకులింతే" అనొద్దు. పెద్దకులాలోళ్లు మనల్ని తరతరాలుగా అంటున్న మాటే అది!

పొద్దుగూకేవేళ సంఘం దగ్గర కూర్చోబెట్టుకుందాం. చదువు రాకపోతే నేర్పుదాం. వస్తే సంఘం లెక్కల పుస్తకం అప్పజెబుదాం. మనసు బరువైతే 14416కు ఫోను చేయిద్దాం. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ప్రతి వాడ సంఘమూ ఈ పక్షంలోనే పని మొదలెట్టాలి.