హాజరుపట్టీ ప్రకారం పిలుద్దాం

1966-67లో, అంటే పరాభవ నామ సంవత్సరంలో, పుట్టినవారికి 2026 ఉగాది అదే సంవత్సరాన్ని తిరిగి తెచ్చే ఉగాది. ఆ వయసు వారికి షష్టిపూర్తి శుభలేఖలూ, పూర్వ విద్యార్థుల సమ్మేళనాల ఆహ్వానాలూ ఇంచుమించు ఒకే కాలంలో అందుతుంటాయి. సంతోషమే. అయితే ఆ సభలలో మనం దేనిని జీవితపు మైలురాయిగా లెక్కిస్తున్నామో కాస్త ఆలోచించవలసి ఉంది.

సభ తీరు మీకు తెలియనిది కాదు. ఒక్కొక్కరూ లేచి పేరు, హోదా, పిల్లలు ఏ దేశంలో ఉన్నదీ చెబుతారు. హైదరాబాదు నుండో డాలస్ నుండో వచ్చినవారు పది నిమిషాలు మాట్లాడతారు. ఊరు వదలని మిత్రుడు "వ్యవసాయం" అని ఒక్క మాట చెప్పి కూర్చుంటాడు.

ఆ ఒక్క మాట వెనుక ఎంత ఉన్నదో చూడండి. అతడు డిగ్రీ ముగించిన 1986లోనే, ఆగస్టు నెలలో, గోదావరి లంకలను ముంచెత్తింది. అతనికి ముప్ఫై ఏళ్ళప్పుడు, 1996 నవంబరు 6 రాత్రి, తుఫాను కొబ్బరితోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మరుసటి ఏడు నాటిన మొక్క తొలికాయ ఇచ్చేనాటికి 2003 పుష్కరాలు వచ్చాయి. 2011లో కోనసీమ రైతులు సాగు సమ్మె చేసి సార్వా పంట మానుకున్నారు. ఇవి మైలురాళ్ళు కాకపోతే మరేవి? ఉద్యోగ విరమణ వయసును ప్రభుత్వం 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి జరిపింది. ఒక ఉత్తర్వుతో జరిగే రాయికి దండలు వేస్తున్నాము. ఆరేడేళ్ళు ఎదురుచూసి పాతుకున్న రాయిని చూడకుండా దాటిపోతున్నాము.

ఇక తోటి విద్యార్థినుల సంగతి. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. ఫోను నంబరున్న వారినే పిలిచే పద్ధతిలో ముందుగా జారిపోయేవి వారి పేర్లే. చదువు మధ్యలో మాని గల్ఫు వెళ్ళినవారు మన "బ్యాచ్"లో లెక్కకే రారు. చనిపోయినవారికి ఒక నిమిషం మౌనం. పేర్లు చదివే ఓపిక కూడా ఉండదు.

1951లో మొదలైన అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కళాశాల వంటి చోట్ల రాజోలు నుండి వచ్చినవాడూ, కొత్తపేట నుండి వచ్చినవాడూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల మీద ఎవరెవరు కూర్చున్నారో చెప్పగలిగింది హాజరుపట్టీ ఒక్కటే. అందులో హోదా లేదు, ఆస్తి లేదు. వరుస సంఖ్యా, పేరూ మాత్రమే ఉన్నాయి. కాబట్టి నా సూచన ఇది: సమ్మేళనానికి దాని ప్రకారం పిలుద్దాం. ఆడపిల్లలను పుట్టింటి పేరుతోనే వెతుకుదాం. సభ రోజున అన్ని పేర్లూ వరుసగా చదువుదాం. లేనివారి పేరు వచ్చినప్పుడు, వారి గురించి తెలిసినవారు లేచి నాలుగు మాటలు చెప్పాలి.

సరదాగా కలిసేచోట ఈ బరువెందుకని కొందరంటారు. ఖర్చు భరించేది నిలదొక్కుకున్నవారే గదా అనీ అంటారు. నిజమే, వారి ఔదార్యాన్ని తక్కువ చేయను. కానీ ఖర్చు పెట్టినవారి జీవితకథలు వినడానికే అయితే దానికి సన్మానసభ చాలు, సమ్మేళనం అక్కరలేదు. కొందరు తమను వెతకవద్దని కోరవచ్చు. వారి మాట మన్నించవలసిందే. అయినా రానని చెప్పే అవకాశం కూడా పిలుపు అందినవారికే ఉంటుంది.

2027లో గోదావరి పుష్కరాలు. స్నానం చేసేవారూ, చేయనివారూ కూడా ఆ రోజులలో సొంత ఊళ్ళకు చేరుకుంటారు. అంతలోగా పాత పట్టీ వెతికి, ఒక్కొక్క పేరుకూ చిరునామా సంపాదించే పని మొదలుపెడితే బాగుంటుంది. మీ ఊళ్ళలో, మీ కళాశాలలలో ఇలా ఎవరైనా చేశారా? మీరేమంటారు?