ఆ ఎలుక తరఫున అడిగేదెవరు?

పొద్దున్నే లేచి పాల ప్యాకెట్టు కత్తిరించడానికి కూడా వేళ్లు వంగకపోతే ఎలా ఉంటుందో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఆ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకే రెండు మూడు రెట్లు ఎక్కువ. లింగంపల్లిలో మా పక్క ఫ్లాటు వదినగారికీ అదే. మామూలు మందులకు లొంగకపోయేసరికి డాక్టరుగారు టోసిలిజుమాబ్ ఇంజెక్షన్లు రాశారు. ఇప్పుడావిడ చపాతీలు తానే ఒత్తుకుంటున్నారు. ఆ మందు పుట్టుక గురించి చెబితే, "అయితే నా నొప్పి పోవడానికి ఇంకేదో ప్రాణి నొప్పి పడిందన్నమాట" అన్నారు. ఆలోచించాల్సిన మాటే.

మన ఒంట్లోని రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. కబురు మోసే ఆ పదార్థాలే సైటోకైన్లు. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. శత్రువు లేకపోయినా అది ఊరంతా దండోరా వేస్తుంటే కీళ్లు వాచిపోతాయి. ఆ కబురు కణంలోకి చేరే గుమ్మాన్ని మూసేసే యాంటీబాడీయే ఈ మందు. కరోనా రెండో విడతలో, 2021లో, ఇది దొరక్క జనం ఎంత అల్లాడారో గుర్తుందిగా? ఆ ఏడాది సెప్టెంబరులో మన హైదరాబాదు కంపెనీ హెటెరో తయారుచేసిన టోసిలిజుమాబ్‌కు అత్యవసర అనుమతి వచ్చింది.

దీని మూలం మాత్రం ఒక ఎలుక. ఎలుకకు పరాయి పదార్థాన్ని వారాల తరబడి ఎక్కిస్తారు. దాని ఒంట్లో యాంటీబాడీలు పుట్టాక ప్రాణం తీసి, ప్లీహంలోని కణాలను క్యాన్సర్ కణాలతో కలుపుతారు. ఇక ఆ జంట కణాలు గాజుపాత్రలో పెరుగుతూనే ఉంటాయి. 1975లో ఈ దారి చూపిన కోలర్, మిల్‌స్టీన్‌లకు 1984లో నోబెల్ వచ్చింది. తర్వాత ఆ యాంటీబాడీని మనిషికి సరిపడేలా మార్చి, హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెంచుతున్నారు. కాబట్టి సీసాకో ఎలుక చావదు. అంతవరకు నయమే.

కానీ రక్తపరీక్షలకూ, పరిశోధనలకూ కావలసిన యాంటీబాడీల కోసం ఎలుకలకూ, కుందేళ్లకూ, మేకలకూ ఇంకా సూదులు పడుతూనే ఉన్నాయి. వేరే దారి లేదా? ఉంది. సూక్ష్మజీవుల్ని ఆశ్రయించే ఫేజ్ వైరస్‌ల సాయంతో, ఏ జంతువునూ పొడవకుండానే యాంటీబాడీలను ఏరుకోవచ్చు. 2018 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఈ పనికే దక్కింది. యాంటీబాడీల కోసం ఇక జంతువుల్ని వాడొద్దని యూరోపియన్ కమిషన్ ప్రయోగశాల 2020లోనే సిఫారసు చేసింది.

"ఇంట్లో ఎలుకకు బోను పెడతాం, ల్యాబు ఎలుక మీద ఈ జాలేమిటి?" అనేవాళ్లుంటారు. బోనులో పడ్డ ఎలుక మన బియ్యం తినడానికి వచ్చింది. ల్యాబు ఎలుకను మనమే మన కోసం పుట్టించాం. ఆ తేడా ఉంది కదా! అలాగని మందులే వద్దనను. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి నీతులు చెప్పడం కంటే పాపం లేదు.

మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, వీలున్నచోటల్లా జంతువులపై ప్రయోగాలు మానాలనే అంటోంది. ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో ఒక నైతిక కమిటీ ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ ఉన్న ఒక మామూలు మనిషికీ చోటుంది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఆ కుర్చీలో గృహిణులు ఎందుకు కూర్చోకూడదు? ఇంటిల్లిపాదికీ ఎవరికెక్కడ నొప్పో చెప్పకుండానే కనిపెట్టేది మనమే కదా! పెద్ద చదువులు అక్కర్లేదు. "ఇదే పని ప్రాణం తీయకుండా చేయలేరా? లేకపోతే ఎందుకని?" అని అడిగి, జవాబు వచ్చేదాకా సంతకం పెట్టని మొండితనం చాలు. మన పిల్లలు ఇప్పుడు ఇటువంటి ల్యాబుల్లోనే ఉద్యోగాలు చేస్తున్నారు. ముందు వాళ్లనే అడుగుదాం, ఈ రాత్రి అన్నం వడ్డిస్తూ.