స్పెయిన్ వారి ఎర్ర పానకం

ఇంగ్లీషు సినిమాల్లో చూసే ఉంటారు. సముద్రపు ఒడ్డున హోటలు, రంగురంగుల గొడుగు, దాని కింద హీరో హీరోయిన్లు... మధ్యన గాజు కూజాలో ఎర్రటి పానీయం, అందులో తేలుతూ కమలా చక్రాలు! షూటింగులో పోసేది రంగునీళ్ళే కావచ్చు గాక, అసలు సరుకు పేరు సాంగ్రియా. 2011లో వచ్చిన 'జిందగీ నా మిలేగీ దొబారా' చూసిన దగ్గర్నుంచీ స్పెయిన్, స్పెయిన్ అని కలవరించే కుర్రకారు కోసం ఈ వారం దాని సంగతి.

స్పానిష్ భాషలో 'సాంగ్రె' అంటే నెత్తురు. రంగుని బట్టి ఆ పేరొచ్చిందంటారు. భయపడకండి, ఉండేది వైనూ పండ్లూ మాత్రమే! 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ మంటపంవాళ్ళు దీన్ని పోసి పెట్టాక అమెరికావాళ్ళకి మోజు పట్టుకుంది. 2014 నాటి యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం అక్కడ ఉట్టి 'సాంగ్రియా' అన్న పేరుతో అమ్ముకునే హక్కు స్పెయిన్, పోర్చుగల్ సరుకుకే ఉంది. ఓ పానకానికి ఇంత హంగామా!

ఇంతకీ తయారీ ఎలాగంటారా? ఖరీదైన వైన్ శుద్ధ దండగ. ఓ మోస్తరు ఎర్ర వైన్ 750 మిల్లీలీటర్ల సీసా, రెండు కమలాలు, ఓ నిమ్మకాయ, ఓ యాపిలు, నాలుగు చెంచాల పంచదార, చిన్న దాల్చినచెక్క ముక్క. ఒక కమలాపండు రసం పిండండి. రెండోదాన్ని, నిమ్మకాయని శుభ్రంగా కడిగి తొక్కతోనే చక్రాలుగా తరగండి. గుమగుమంతా తొక్కలో ఉన్న నూనెదే మరి! అయితే తొక్క కింద తెల్లపొర చేదు, గింజలు అంతకన్నా చేదు. గింజలు ఏరేసి, అన్నీ కూజాలో వేసి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచితే చాలు. రాత్రంతా వదిలేశారో, పొద్దున కషాయం తాగాల్సిందే. ఐసూ, 750 మిల్లీలీటర్ల సోడా మాత్రం గ్లాసుల్లో పోసే ముందే కలపాలి.

ఇక్కడో చిన్న లెక్క. 13 శాతం ఆల్కహాలున్న వైన్‌కి అంతే సోడా కలిస్తే సుమారు ఆరున్నర శాతం అవుతుంది. "ఓస్, ఇంతేనా!" అనకండి. 300 మిల్లీలీటర్ల పొడుగు గ్లాసు ఖాళీ చేస్తే 150 మిల్లీలీటర్ల పచ్చి వైన్ తాగినట్టే. తీపీ, చల్లదనం ఆ సంగతి నాలుకకి తెలియనివ్వవు, మూడో గ్లాసుకి కాళ్ళకి తెలుస్తుంది! ఆ తర్వాత స్కూటరు తాళం చెవి వైపు చూడనే కూడదు. నానిన పండ్ల ముక్కలూ వైన్ పీల్చుకుని ఉంటాయి, పిల్లల చేతికివ్వకండి. అన్నట్టు, 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మకూడదని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం.

తమాషా ఏమిటంటే, స్పెయిన్‌వాళ్ళు తమకోసం ఎక్కువగా కలుపుకునేది ఇంకా తేలికైన 'తింతో దె వెరానో'. అంటే వేసవి ఎర్ర వైన్. సగం వైన్, సగం తియ్యటి నిమ్మసోడా, ఐసు... అయిపోయింది! కూజాలు, చక్రాలు, ఆ షోకులన్నీ ఎక్కువగా టూరిస్టుల కోసం.

వైన్ వద్దనుకునేవాళ్ళకి నల్లద్రాక్ష రసం ఉండనే ఉంది. పంచదార మానేసి ఒకటికి రెండు నిమ్మకాయలు పిండండి. పాలు లేని టీ డికాక్షన్ అరకప్పు చల్లార్చి పోస్తే వైన్‌లో ఉండే ఆ కాస్త వగరూ వస్తుంది. కమలాలు దొరక్కపోతే బత్తాయి భేషుగ్గా ఉంటుంది. ఈ కూజాలోని ముక్కలైతే చెంచా వేసుకుని పిల్లలూ తినొచ్చు.