గడువు అడిగినవారు లెక్క చెప్పాలి

తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే మనిషి తిరిగేది ల్యాబుల చుట్టూనే. రక్తం తీసేది, ఎక్స్‌రే తీసేది, ఈసీజీ తీసేది డాక్టరు కాదు, టెక్నీషియన్. ఆ రిపోర్టును బట్టే గుంటూరు పెద్దాసుపత్రికి పరుగెత్తాలో, మందులు కొనుక్కుని ఇంటికి పోవాలో తేలుతుంది. ఇంతటి పని చేసేవారి చదువుకూ రిజిస్ట్రేషన్‌కూ మన రాష్ట్రంలో పారామెడికల్ బోర్డు ఉన్నా, దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం 2021 దాకా లేదు.

దానికోసం 2018 డిసెంబరు 31న రాజ్యసభలో బిల్లు పెట్టారు. ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియోగ్రాఫర్లు, ఫిజియోథెరపిస్టులు, కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టులు, ఇలా యాభైకి పైగా వృత్తులకు సంబంధించిన బిల్లు అది. దాన్ని ఆరోగ్య శాఖ స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) పంపారు. అంతలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. సంఘాన్ని మళ్లీ కొత్తగా వేశారు. నివేదిక చేతికందేసరికి 2020 జనవరి 31. ఆ తర్వాత పాత బిల్లును వెనక్కి తీసుకుని, 2020 సెప్టెంబరులో కొత్త బిల్లు తెచ్చారు. 2021 మార్చిలో అది చట్టమైంది.

ఇంత జాప్యం జరిగిందని కమిటీలకు సమయమే ఇవ్వొద్దని నేననను. అద్దెగర్భం బిల్లు సంగతే చూడండి. 2019 నవంబరులో రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. దగ్గరి బంధువు మాత్రమే బిడ్డను మోయాలన్న షరతును ఆ కమిటీ వద్దంది. ఇష్టపడి ముందుకొచ్చే స్త్రీ ఎవరైనా మోయవచ్చని, ఆమెకు బీమా 16 నెలలు కాదు 36 నెలలు ఉండాలని చెప్పింది. బిడ్డను కన్న తర్వాత వచ్చే చిక్కులు 16 నెలలతో తీరిపోవు కదా! కూర్చుని వినే తీరిక ఉంటేనే ఇలాంటి సవరణలు పుడతాయి.

వినకుండా చేస్తే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మార్చే బిల్లును 2022 సెప్టెంబరు 21న శాసనసభ ఆమోదించింది. ప్రభుత్వం మారాక 2024లో పాత పేరే తిరిగొచ్చింది. మన దగ్గర విశ్వవిద్యాలయం పేరు రెండుసార్లు మారింది. ఆ మధ్యకాలంలోనే ఢిల్లీలో చేసిన టెక్నీషియన్ల చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, అక్టోబరు 12 లోగా అమలు చేయాలని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించాల్సి వచ్చింది.

కమిటీ తొందరపడినా ఒక్కోసారి ఫలం దక్కదు. జాతీయ వైద్య కమిషన్ బిల్లు మీద 2018 జనవరి 2న దేశమంతటా డాక్టర్లు ఓపీలు ఆపారు. ఆ రోజే బిల్లును స్థాయీ సంఘానికి పంపాలని నిర్ణయించారు. మార్చి 20కల్లా నివేదిక వచ్చింది. ఆయుష్ డాక్టర్లు అల్లోపతి మందులు రాయడానికి పెట్టిన బ్రిడ్జి కోర్సును తప్పనిసరి చేయొద్దని సంఘం చెప్పింది. ఇంత చేసినా ఆ లోక్‌సభ గడువు ముగియడంతో బిల్లు మురిగిపోయింది. చట్టం 2019 ఆగస్టులో గానీ రాలేదు. కాబట్టి జాప్యమంతా కమిటీ నెత్తిన వేయడం న్యాయం కాదు.

నా అభ్యంతరమల్లా గడువు పొడిగించే తీరు మీదే. లోక్‌సభ నియమాల ప్రకారం సభ తేదీ ఏదీ చెప్పకపోతే సెలెక్ట్ కమిటీకి మూడు నెలలు ఉంటాయి. చాలకపోతే ఫలానా తేదీ దాకా పెంచమని సభలో తీర్మానం పెడతారు. మూజువాణి ఓటుతో క్షణాల్లో ఆమోదిస్తారు. ఇన్నాళ్లూ ఎవరెవరిని పిలిచారు, ఎవరిని పిలవాల్సి ఉంది, ఏ అంశం మీద ఆగిపోయారు అనేవి సభ ముందు పెట్టమని నియమం అడగదు. అడగాలి. పొడిగింపు తీర్మానంతో పాటు ఆ జాబితా కూడా సభ బల్ల మీదికి రావాలి. అది రాకపోతే తీర్మానాన్ని చర్చకే తీసుకోకూడదు.

ఆ జాబితాలో హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులు, ఢిల్లీ సంఘాలే ఉంటే నాకు తృప్తి లేదు. రేపల్లె ల్యాబులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయి మాట కూడా ఉండాలి. కమిటీలు పత్రికల్లో ప్రకటనలిచ్చి అభిప్రాయాలు కోరతాయి. కానీ ఆ అమ్మాయి ఉదయం పేపరు తిరగేసేలోపే సిరంజి పట్టుకోవాలి. ఆమె దగ్గరికి కమిటీయే మనిషిని పంపాలి.

రేపల్లె, బాపట్ల రెండూ బాపట్ల లోక్‌సభ స్థానంలోవి, తెనాలి గుంటూరు స్థానంలోది. ఈ రెండు స్థానాల ఎంపీలు ఒక పని చేయవచ్చు. ఆరోగ్య బిల్లు ఏదైనా కమిటీకి వెళ్లిన వారంలోనే ఈ మూడు పట్టణాల ప్రభుత్వాసుపత్రుల సిబ్బందిని, ప్రైవేటు ల్యాబుల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలి. వాళ్లు చెప్పింది తెలుగులోనే రాయించి, సంతకాలు తీసుకుని కమిటీకి పంపాలి. దానికి ఏ పొడిగింపూ అక్కర్లేదు.