హాట్ టబ్ గంగాళం కాదు

అమెరికాలోని పిల్లల దగ్గర ఆరు నెలలుండి వచ్చే నా ఈడు మిత్రులు ఈమధ్య ఒకే ముచ్చట చెబుతున్నారు. పెరట్లో హాట్ టబ్ ఉన్నదట, మోకాళ్ళ నొప్పులకు అందులో గంటసేపు కూర్చునేవారట. "వేడినీళ్ళే కదా డాక్టరుగారూ!" అంటారు. నా అభ్యంతరమంతా ఆ 'కదా' మీదే.

గంగాళంలోని నీళ్ళు చెంబుతో పోసుకుంటే ఒంటిమీదినుంచి జారిపోతాయి. తడిసిన ఒళ్ళు గాలికి చల్లబడుతుంది. మెడదాకా మునిగి కూర్చున్నవారికి ఆ వెసులుబాటు లేదు. చెమట పట్టినా ఆరదు. టబ్బు నీరు 40 డిగ్రీల సెల్సియస్‌ను, అంటే 104 ఫారెన్‌హీట్‌ను మించరాదని అమెరికా వినియోగవస్తు భద్రతా సంస్థ చెబుతున్నది. అది ఆరోగ్యవంతులైన పెద్దలకు గరిష్ఠ పరిమితి మాత్రమే. ఒంట్లో 104 జ్వరముంటే ఆసుపత్రికి పరుగెత్తే మనమే, అంత వేడి నీళ్ళలో డెబ్బయ్యేళ్ళ తండ్రిని కూర్చోబెట్టి ఫోటో తీస్తాము! వేడికి రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది. ఆయన వేసుకునే బీపీ మాత్రలూ, కొన్ని ప్రోస్టేట్ మాత్రలూ రక్తపోటును తగ్గించేవే. గభాలున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి; కింద నీరు, పక్కన గట్టు. మధుమేహంతో అరికాళ్ళ స్పర్శ పోయిన తల్లికైతే నీరు కాలుతున్న సంగతే తెలియదు. దీనికి అల్లుడుగారు అందించే పెగ్గు కూడా తోడైతే ఇక చెప్పేదేమున్నది?

కూతురి పురిటికని వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. గర్భిణి ఆ టబ్బులో దిగనే కూడదు. తొలి వారాల్లో తల్లి ఒంటివేడి అతిగా పెరిగితే శిశువు మెదడు, వెన్నుపాము ఏర్పడడంలో లోపం రావచ్చు.

"నీళ్ళు తేటగానే ఉన్నాయి" అనేది రెండో సమర్థన. 1999 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్పెల్ పూల ప్రదర్శనలో ఒక టబ్బును నింపి, బుడగలు తిప్పుతూ ప్రదర్శనకు ఉంచారు. అది స్నానానికి పెట్టినది కాదు. ఎగసిన తుంపరలో లీజియొనెల్లా క్రిమి ఉన్నది. ఆ పక్కగా నడిచిపోయినవారికి న్యుమోనియా సోకింది. 30 మందికి పైగా మరణించారు. వేడికీ బుడగలకూ క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. అది కనీసం 3 పీపీఎం ఉండాలి, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య నిలవాలి. పరీక్షించే కాగితపు పట్టీలు చవకగానే దొరుకుతాయి. లక్షలు పోసి టబ్బు కొన్నవారికి ఆ పట్టీల దగ్గరే పొదుపు గుర్తొస్తుంది!

దిగవద్దని నేననడం లేదు. మీ మాత్రల చీటీ వైద్యునికి చూపి అనుమతి పొందండి. వేడి తగ్గించుకుని, పది నిమిషాలు, ఒకరు తోడుండగా కూర్చోండి. కమ్మీ పట్టుకుని నెమ్మదిగా లేవండి. బయటికి వచ్చాక మూత వేసి తాళం పెట్టించండి, ఇంట్లో మనవలున్నారు.