వృద్ధాప్యమూ – కండబలమూ

'కండ' అనే మాటకు తెలుగులో మాంసమనీ, బలమనీ రెండర్థాలున్నవి. మొదటి అర్థానికి చెందిన విద్య హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్ సమీపంలోని చెంగిచెర్లలో, జాతీయ మాంస పరిశోధన సంస్థలో సాగుతున్నది. అక్కడికి పడమటగా, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన ఆ సంస్థ మనిషికి ఏ పోషకం ఎంత కావలెనో లెక్కకట్టి చెబుతున్నది. ఇంత విద్య పొరుగుననే ఉన్నా, ఆ ప్రాంతంలోనే కాదు, తెలుగునాట ఏ ఇంట చూచినా వృద్ధుల కండబలాన్ని గూర్చి ఆలోచించేవారు అరుదు.

అరవై దాటిన తల్లి చంకనుండి బిందె అందుకోవడం, తండ్రి చేతిసంచి లాగుకోవడం మన ఇండ్లలో భక్తికి గుర్తు. "మీకెందుకు శ్రమ, కూర్చోండి" అనడం మర్యాద. అందులో ప్రేమ ఉన్నమాట నిజమే. కాని బరువు మోయడం మానిన చేయి క్రమంగా మోయలేని చేయి అవుతుంది. కొన్నాళ్ళకు పీట మీదనుండి లేవడానికి మరొకరి ఆసరా కావలసి వస్తుంది. కాలు జారితే నిలదొక్కుకునే సత్తువ ఉండదు. ఒక్కసారి పడి, తుంటి ఎముక విరిగి, మంచం పట్టిన పెద్దలు లేని ఊరున్నదా?

ఈ మర్యాదకు ప్రాచీన ప్రమాణమూ లేకపోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో వ్యాయామాన్ని మెచ్చుకొంటూనే, బాలురూ వృద్ధులూ దానిని మానవలెనన్నాడు. అంతటివాని మాటను కాదనడం సాహసమే. ఐనా, అనుభవం సవరించనిదే ఏ శాస్త్రమూ ఎదగదు. అమెరికాలోని బోస్టనులో తొంబై ఏండ్ల ప్రాయపు దుర్బలులు 10 మంది 8 వారాలు కాళ్ళతో బరువులెత్తే సాధన చేశారు. ఆ ఫలితాలు 1990లో వెలువడినవి. సాధన ముగించిన 9 మంది కాలిబలం సగటున 174 శాతం పెరిగినది. తొంబైలో చిగిర్చిన బలం అరవైలో చిగిర్చదా? 65 దాటినవారు వారానికి కనీసం 2 రోజులు కండలకు పని చెప్పవలెననీ, 3 రోజులు తూలకుండ నిలిచే సాధన చేయవలెననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

పని ఒక్కటే చాలదు. గురజాడ 'దేశభక్తి' గీతంలో తిండికీ కండకూ వేసిన ముడి ముసలితనంలో మరింత బిగియవలె. అరువది కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెనని పోషకాహార సంస్థ 2020 నాటి లెక్క. కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటవి. పండ్లు కదులుతున్నవనీ, అరగదనీ పెద్దలు చారన్నంతో సరిపెట్టుకొంటే ఈ లెక్క తేలదు. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, ఇష్టమున్నవారికి గ్రుడ్డు వారి కంచంలో చేరవలె. మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి నడుచుకొనుట క్షేమం.

తెలంగాణలో ప్రభుత్వోపాధ్యాయులు 61వ ఏట పదవీ విరమణ చేస్తారు. విరమణ పదవికే గాని దేహానికి కాదు. విద్యార్థులు చేయగలిగినదీ కొంత ఉన్నది. తాతగారి సంచి లాగుకోకుండ ప్రక్కన నడువవచ్చు. మొక్కలకు నీళ్ళు పోస్తానన్న అమ్మమ్మకు ఆమె మోయగలిగిన చెంబో, చిన్న బిందెయో అందించవచ్చు. పెద్దలకు చేయూత నిచ్చుట సేవ. వారి చేతులలో సత్తువ నిలుపుట అంతకు మించిన సేవ.